బార్బీకి లంగా, జాకెట్టు సరిగ్గా పట్టాలంటే ఎలా కుట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పాప దగ్గరున్న పదకొండున్నర అంగుళాల బార్బీకి సంక్రాంతి బొమ్మల కొలువు కోసం పట్టు లంగా, జాకెట్టు కుట్టారు. మీ సొంత జాకెట్టు కొలతల్నే ఆరో వంతుకు తగ్గించి కాగితం కత్తిరించుకున్నారు. అయినా జాకెట్టు ముందు హుక్కుల దగ్గర అంచులు కలవలేదు, చేతులు ఎక్కలేదు, లంగా నడుము దగ్గర ఉబ్బెత్తుగా లేచి నిలబడింది. పైగా మెషిన్ చిన్న ముక్కల్ని కిందికి లాగేసుకుంటోంది. కొలువు అయ్యాక పాప ఆ బొమ్మతో ఆడుకుంటుంది కాబట్టి బట్టలు తీసి తొడగడానికి వీలుండాలన్నారు.

సూటిగా చెప్తాను. మనిషి జాకెట్టు కటింగును తగ్గిస్తే బొమ్మకు పట్టదు. బొమ్మ ఒంటి మీదే కాగితం టేపుతో కటింగ్ తీసుకోండి. దొరికినంతలో పల్చటి బట్ట వాడండి. జాకెట్టు వెనక భాగం మెడ నుంచి కింది దాకా పూర్తిగా తెరుచుకునేలా పెట్టండి. ఈ మూడూ చేస్తే మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు పోతాయి. మెషిన్ సంగతి వేరు, దానికి తేలికైన ఉపాయాలున్నాయి, కింద రాస్తాను.

నేను జాకెట్లు, పిల్లల పట్టు పరికిణీలు కుట్టే మనిషిని. కొలువు రోజులు దగ్గర పడితే బొమ్మల బట్టలు కూడా వస్తాయి. ఆంధ్రలో సంక్రాంతికి, తెలంగాణలో ఎక్కువ ఇళ్లలో దసరాకు కొలువు పెడతారు కాబట్టి నాకు ఏడాదికి రెండుసార్లు ఈ పని ఉంటుంది. మీరు అడిగినవే దాదాపు అందరూ అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, తగ్గించిన కొలత ఎందుకు పనికి రాదో చూద్దాం. బార్బీ 1959లో వచ్చింది. మనిషికి ఆరో వంతు అనే లెక్క ఎత్తు వరకు దాదాపు సరిపోతుంది. ఒంటి కొలతలు తీసి ఆరుతో గుణించి చూడండి. మామూలు బార్బీ ఛాతీ చుట్టుకొలత 5 అంగుళాలకు కాస్త అటూ ఇటూ, నడుము మూడున్నర, సీటు (తుంటి చుట్టుకొలత) 5. అంటే మనిషి లెక్కలో ఛాతీ 30, నడుము 21, సీటు 30. ఎదిగిన ఆడవాళ్లలో ఆ కొలతలు ఎవరికుంటాయి? మీ జాకెట్టును ఏ లెక్కన తగ్గించినా ఛాతీ కుదిరితే నడుము కుదరదు, నడుము కుదిరితే చంక కుదరదు. ఆ బొమ్మ ఒళ్లు నిజమైన మనిషి ఒంటిలా ఉండాలని చేసింది కాదని, పిల్లలు తేలిగ్గా బట్టలు తొడిగి తీయడానికి వీలుగా చేసిందని బార్బీ డిజైన్ విభాగాన్ని నడిపిన కిమ్ కుల్‌మోన్ 2014లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. కుట్టేవాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. నడుము సన్నగా లేకపోతే లంగా కుచ్చులు, పట్టీ, దాని మీద జాకెట్టు అంచు అన్నీ అక్కడ పోగుపడి బొమ్మ పీపాలా కనిపిస్తుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. కొలతలు తగ్గించగలం గానీ బట్ట మందాన్ని తగ్గించలేం. మనం వాడే జాకెట్టు గుడ్డ సుమారు పావు మిల్లీమీటరు మందం ఉంటుందనుకుందాం. బొమ్మ లెక్కలో అది ఒకటిన్నర మిల్లీమీటరు. అంటే మీరు దుప్పటి గుడ్డతో జాకెట్టు కుట్టించుకున్నట్టు. పైగుడ్డ, లైనింగు, పక్క కుట్టు దగ్గర మడత, హుక్కు పట్టీ దగ్గర మరో రెండు మడతలు, ఇవన్నీ కలిసి జాకెట్టు లోపలి చుట్టుకొలతను తినేస్తాయి. హుక్కుల దగ్గర అంచులు కలవకపోవడానికి అసలు కారణం ఇదే. మీరు లెక్కలో పొరపడలేదు. లెక్క వేసేటప్పుడు బట్ట మందం అందులో లేదు, అంతే.

మూడోది కూడా చెప్పాలి. బొమ్మ దగ్గర ఒక మిల్లీమీటరు తేడా అంటే మన దగ్గర ఆరు మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. నాలుగు కుట్లలో నాలుగుసార్లు ఒక్కో మిల్లీమీటరు లోపలికి జరిగినా మన జాకెట్టులో అంగుళం తగ్గినంత తేడా వస్తుంది. కాబట్టి టేపు పక్కన పెట్టి మిల్లీమీటర్ల స్కేలు తీసుకోండి. సుద్ద గీత మందం కూడా ఇక్కడ ఎక్కువే, బాగా చెక్కిన పెన్సిల్ వాడండి.

బొమ్మ మీద కటింగ్ తీసే పద్ధతి

బొమ్మ జుట్టును పైకి కట్టి ఒక చిన్న కవరులో పెట్టేయండి. మెడ నుంచి తొడల దాకా వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ర్యాప్ ఒక్క చుట్టు చుట్టండి, గట్టిగా లాగొద్దు. దాని మీద పెయింటర్లు వాడే కాగితం టేపు చిన్న చిన్న ముక్కలుగా చింపి అంటించండి. పొడవాటి ముక్క అంటిస్తే ఛాతీ దగ్గర ముడతలు పడతాయి, వేలి గోరంత ముక్కలైతే ఒంటిని పట్టుకుని ఉంటాయి. ఒక్క పొర చాలదు, రెండు పొరలు వేయండి.

ఇప్పుడు నడుముకు ఒక దారం కట్టండి. అది తనంతట తానే అన్నిటికంటే సన్నటి చోట ఆగుతుంది. ఆ దారం వెంట పెన్నుతో గీత గీయండి. ముందు మధ్య గీత, వెనక మధ్య గీత, రెండు పక్కల కుట్టు గీతలు, భుజం గీతలు, మెడ గుండ్రం, చంక గుండ్రం, ఛాతీలో ఎత్తుగా ఉన్న చోట ఒక చుక్క. మెడ ఎంత లోతు కావాలో ఇక్కడే నిర్ణయించుకోండి. బొమ్మ మీద చూస్తూ గీసిన మెడ ఎప్పుడూ అందంగా వస్తుంది.

తర్వాత సన్నటి కత్తెరతో వెనక మధ్య గీత వెంట కోసి తొడుగులా తీసేయండి. కత్తెర మొనను ఒంటికి దూరంగా పైకెత్తి పెట్టుకోండి, లేకపోతే బొమ్మకు గీత పడుతుంది. రెండు సగాల్లో ఒక సగం చాలు. భుజం దగ్గర, పక్క దగ్గర కోసి ముందు ముక్క, వెనక ముక్క వేరు చేయండి. వెనక ముక్క బల్ల మీద పెడితే దాదాపు పరుచుకుంటుంది. ముందు ముక్క పరుచుకోదు, ఛాతీ దగ్గర బుడగలా లేస్తుంది. నడుము నుంచి ఆ చుక్క దాకా నిలువుగా కోయండి. ముక్క చదునుగా పడిపోయి, కోసిన చోట కోణంలా తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న ఖాళీయే మీ డాట్, అంటే బట్టను మడిచి కుట్టాల్సిన చోటు. ఎంత వెడల్పు, ఎంత పొడవు అని లెక్క వేయనవసరం లేదు. టైలరింగ్ నేర్చుకునే అమ్మాయిలకు డాట్ అంటే ఏమిటో అర్థం కాకపోతే నేను ఇదే చేసి చూపిస్తాను.

ఈ ముక్కల్ని మందపాటి కాగితం మీద దించుకుని, చేర్చాల్సినవి చేర్చండి. లూజు మొత్తం ఛాతీ చుట్టూ కలిపి 6 మిల్లీమీటర్లు, నడుము చుట్టూ 4. జాకెట్టులో నాలుగు పావు భాగాలుంటాయి కాబట్టి ఛాతీ దగ్గర ఒక్కో భాగానికి ఒకటిన్నర మిల్లీమీటర్లే వస్తుంది. లైనింగు వేస్తే మరో 3 మిల్లీమీటర్లు కలపండి. చంక కింది వైపు 2 మిల్లీమీటర్లు దించండి, ప్లాస్టిక్ చెయ్యి కదలడానికి ఆ చోటు కావాలి. కుట్టుకు అన్ని వైపులా 5 మిల్లీమీటర్లు. వెనక మధ్యలో మాత్రం రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు వదలండి, అందులోనే మడత, ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం రావాలి.

పట్టు గుడ్డ కోసేముందు ఒక ట్రయల్ కుట్టి చూడండి. కాగితంతో ట్రయల్ వద్దు, కాగితం వంగదు. పాత పల్చటి నూలు చీర ముక్కతో చేయండి. అసలు బట్ట ఎంత మందమో ట్రయల్ బట్ట కూడా దాదాపు అంతే ఉండాలి.

బొమ్మ ఏ రకమో కూడా ఒకసారి చూసుకోండి. 2016 నుంచి బార్బీలో బొద్దుగా, పొడవుగా, పొట్టిగా ఉండే ఒళ్లు కూడా వస్తున్నాయి. బొద్దు బార్బీకి నేను పైన చెప్పిన 5, మూడున్నర, 5 అంకెలు అస్సలు సరిపోవు. దొరికిన కటింగ్ కాగితాలను నమ్ముకుని కుట్టి, పట్టలేదని బాధపడేవాళ్లలో చాలామంది దగ్గర ఉన్న బొమ్మ ఒకటి, కటింగ్ ఇంకో ఒంటిది. టేపు పద్ధతిలో ఆ గొడవ లేదు. ఏ బొమ్మైనా, మట్టి అమ్మవారి విగ్రహమైనా, దాని ఒంటి మీద కొలత దానిదే.

బట్ట

లంగాకు మీరు వాడిన పట్టు, మీరు రాసినదాన్ని బట్టి, మందపాటి కంచి రకం అనుకుంటాను. బొమ్మకు అది పనికి రాదు. నాకు బాగా నచ్చేవి వెంకటగిరి నూలు చీర ముక్కలు, పాత మల్ బట్ట, జాకెట్లకు వాడే 2x2 రూబియా, బాగా ఉతికి మెత్తబడిన మంగళగిరి నూలు. మంగళగిరిలో నిజాం అంచు అని సన్నటి జరీ అంచు వస్తుంది, అది బొమ్మ లంగాకు సరిగ్గా అమరుతుంది. రెండంగుళాల అంచు బొమ్మ మీద అడుగు వెడల్పు అంచులా కనిపిస్తుంది. సెంటీమీటరు లోపు అంచు వెతకండి. బుటాలు కూడా అంతే. అంగుళం బుటా మన లెక్కలో ఆరంగుళాల బుటా, ఎంత బాగా కుట్టినా ఎక్కడో తేడాగా అనిపిస్తుంది. పెసరగింజ కంటే చిన్న పువ్వులు, సన్నటి చారలు, చిన్న గళ్లు చూడండి. సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వస్త్రలత లాంటి చోట్ల లేసులు మీటర్ల లెక్కన దొరుకుతాయి. సన్నటి జరీ లేసు ఒక మీటరు తెచ్చుకుంటే అంచులేని బట్టకు మీరే అంచు వేసుకోవచ్చు.

కోసేముందు రెండు పనులు తప్పకుండా చేయండి. ఒకటి, బట్టను ఉతకండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు రంగులు బొమ్మ వినైల్ ఒంటికి అంటుకుని మరకలైపోతాయి. ఉతికాక కూడా తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే లోపల తెల్ల మల్ లైనింగు వేయాల్సిందే. కొలువు అయిపోయాక ముదురు రంగు బట్టలతోనే బొమ్మను ఏడాది పాటు పెట్టెలో దాచవద్దు, బట్టలు తీసి విడిగా పెట్టండి. రెండు, బట్టకు గంజి పెట్టి ఆరనిచ్చి ఇస్త్రీ చేయండి. గంజి పెట్టిన బట్ట కాగితంలా కదలకుండా ఉంటుంది, పోగులు ఊడవు, గీత సన్నగా పడుతుంది. కుట్టడం అయ్యాక ఒకసారి నీళ్లలో ముంచి తీస్తే మళ్లీ మెత్తబడుతుంది.

పట్టు, జరీ బట్టలు పోగులు ఊడిపోతుంటే ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి, పుల్లతో అంచు మీద ఒక మిల్లీమీటరు మేర మాత్రమే రాయండి. ముందు చిన్న ముక్క మీద పరీక్షించండి, కొన్ని పట్టుల మీద మరక కనిపిస్తుంది. సింథటిక్ అంచుల్ని కొవ్వొత్తికి చూపించడం కొందరి అలవాటు. కరిగిన అంచు గట్టిపడి గీసుకుంటుంది, పిల్లలు ఆడే బొమ్మకు నేను ఆ పని చేయను.

మెషిన్ లాగేసుకోవడం గురించి

ఇది మీరు ఎక్కువ బాధపడ్డ విషయం అనిపించింది. మందు చాలా తేలిక. ముందు కుట్టండి, తర్వాత కోయండి. పెద్ద బట్ట ముక్క మీద కుట్టు గీతను పెన్సిల్‌తో దించుకుని, ఆ గీత మీద కుట్టేసి, ఆ తర్వాత చుట్టూ 4 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. చేతిలో పట్టుకోవడానికి బట్ట ఉంటుంది, మెషిన్ లాగడానికి అంచే ఉండదు. మెడ, లైనింగు కలిపే చోట, చిన్న సంచులు కుట్టేచోట నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

అది కుదరని చోట, అంటే పక్క కుట్లు, చేతులు కలిపేటప్పుడు, బట్ట కింద పల్చటి కాగితం పెట్టి కుట్టండి. కొత్త పట్టుచీరల మడతల్లో వచ్చే కాగితం అయితే కుట్టాక చింపితే సులువుగా వచ్చేస్తుంది. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు ముందు ఒక పాత గుడ్డ ముక్క మీద నాలుగు కుట్లు వేసి, ఆపకుండా అసలు ముక్క మీదికి వెళ్లండి. సూది 9 లేదా 11 నంబరు. కుట్టు పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, మామూలుగా వేసే కుట్టు బొమ్మ జాకెట్టులో మలుపు తిరగదు. జిగ్‌జాగ్ వచ్చే మెషిన్లలో సూది దిగే రంధ్రం వెడల్పుగా ఉంటుంది, బట్ట లోపలికి పోయేది అందుకే. తిన్నటి కుట్టు మాత్రమే వేసే ప్లేటు విడిగా దొరికితే మార్చుకోండి. పాత నల్ల మెషిన్ ఉంటే ఇంకా మంచిది. దాంట్లో రంధ్రం చిన్నది, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసుకోవచ్చు.

ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం అల్లే కుట్టు) చేయకండి, అక్కడ దారమే మందం అయిపోతుంది. కుట్టాక వదిలిన బట్టను 3 మిల్లీమీటర్లకు తగ్గించి, మెడ, చంక గుండ్రాల్లో చిన్న చిన్న గాట్లు పెట్టండి. ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ. పెన్సిల్‌కు గుడ్డ నాలుగు చుట్లు చుట్టి చెయ్యి లోపల పెట్టి ఇస్త్రీ మొనతో నొక్కితే కుట్టు విడిపోయి చదునుగా పడుతుంది. ఇస్త్రీ చేయని బొమ్మ జాకెట్టు ఎంత సరిగ్గా కుట్టినా పెద్దదిగా కనిపిస్తుంది. చాలామంది ఈ పని వదిలేసి కటింగును అనుమానిస్తారు.

చేతులు ఎందుకు ఎక్కలేదు

మనం జాకెట్టు వేసుకునేటప్పుడు భుజం వెనక్కి తిప్పుతాం, మోచెయ్యి మడుస్తాం. మామూలు బార్బీ ఆ పని చేయలేదు. కీళ్లు ఎక్కువగా ఉండే రకం బార్బీలు ఉన్నాయి, వాటికి కొంత నయం. మిగతా వాటికి జాకెట్టు వెనక నుంచి పూర్తిగా తెరుచుకుని, ముందు నుంచి రెండు చేతులూ ఒకేసారి తొడిగేలా ఉండాలి. మీరు ముందు వైపు హుక్కులు పెట్టి వెనక మూసేశారు, మనవాళ్లకు అది అలవాటే. బొమ్మకు మాత్రం వెనకే.

చేతి చుట్టుకొలతను పై చెయ్యి దగ్గర కాకుండా అరచెయ్యి దగ్గర తీయండి. బొటనవేలు బయటికి పొడుచుకుని ఉంటుంది, అది దాటకపోతే చెయ్యి ఎక్కదు. దానికి 6 మిల్లీమీటర్లు కలపండి. తొడిగేటప్పుడు బొమ్మ అరచేతికి చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క తొడిగితే జారిపోతుంది, వేళ్లకు పోగులు తగులుకోవు. పాపకు కూడా ఈ ఉపాయం నేర్పండి.

కుట్టే వరుస కూడా ముఖ్యం. ముందు భుజాలు కలపండి. మెడకు, వెనక అంచులకు లైనింగు కలిపి తిరగేయండి. చేతి అంచు మడిచి కుట్టండి. తర్వాత పక్కలు కలపకముందే, బట్ట పరిచి ఉండగానే చెయ్యి చంకకు అతకండి. చివరికి చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే కుట్టు. పక్కలు ముందు కలిపేసి, గొట్టంలా అయిన చేతిని అంత చిన్న చంకలో అతకాలంటే మెషిన్ పాదం కూడా పట్టదు. మెడకు పైపింగ్ పెట్టాలనిపిస్తే వద్దంటాను, ఎంత సన్నటి పైపింగైనా ఆ మెడకు తాడు కట్టినట్టే ఉంటుంది. బదులుగా ఒక్క జరీ దారాన్ని అంచు వెంట పరిచి సన్నటి దారంతో పట్టుకుట్టు వేయండి.

వెనక మూయడానికి హుక్కులు వద్దు. అతి చిన్న ప్రెస్ బటన్లు, 5, 6 మిల్లీమీటర్ల రకం, రెండు చాలు. చిన్న పూస ఒకటి కుట్టి ఎదురుగా దారంతో కాజా వేసినా బాగుంటుంది, చూడ్డానికి అదే అందం. అయితే చిన్న పిల్లలకు పూస కాజా పెట్టడం కష్టం. ఆరేడేళ్ల లోపు పాపైతే పల్చటి వెల్క్రో మేలు. 5 మిల్లీమీటర్ల వెడల్పుకు కోసి, మెత్తటి వైపు ముక్కను గరుకు ముక్క కంటే కాస్త పెద్దదిగా ఉంచండి. గరుకు భాగం బయటికి కనిపిస్తే బొమ్మ జుట్టు చిక్కుకుని పీక్కుపోతుంది.

లంగా

ఉబ్బడానికి కారణం నడుము దగ్గర కుచ్చులు. మూడున్నర అంగుళాల నడుములో పదిహేను ఇరవై అంగుళాల పట్టు దూరిస్తే ఇంకెలా ఉంటుంది? మూడు దారులున్నాయి.

అంచు లేని బట్టైతే అంబ్రెల్లా కటింగ్, అంటే బట్టను గుండ్రంగా కోసే పద్ధతి, అన్నిటికంటే శుభ్రం. కుచ్చులే ఉండవు. లెక్క ఇలా: నడుము 89 మిల్లీమీటర్లు, లూజు 3, వెనక ఎక్కే భాగం 8, మొత్తం 100. దాన్ని 6.28తో భాగిస్తే 16. అంటే మధ్యలో 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో కుట్టు గీత, దానికి 5 మిల్లీమీటర్లు లోపల కోత గీత. లంగా పొడవు ఏడంగుళాలు అనుకుంటే 16 అంగుళాల చదరపు గుడ్డ పడుతుంది. నిండు గుండ్రం ఎక్కువ అనిపిస్తే సగం గుండ్రం తీయండి, అప్పుడు 100ను 3.14తో భాగించాలి, 32 వస్తుంది. బొమ్మ మీద సగం గుండ్రమే బాగా ఒదుగుతుందని నా అభిప్రాయం, చిన్న బట్టకు బరువుండదు కాబట్టి నిండు గుండ్రం కిందికి వాలదు.

జరీ అంచు కావాలంటే గుండ్రం కుదరదు, అంచు తిన్నగా ఉంటుంది కదా. అప్పుడు 10 నుంచి 12 అంగుళాల వెడల్పుకు మించకుండా పల్చటి బట్ట తీసుకోండి. కుచ్చు దారాలు 3 మిల్లీమీటర్ల దూరంలో రెండు వరుసలు వేసి, రెండూ కలిపి లాగి, వాటి మధ్యలో కుట్టండి. కుచ్చులు ముందు పొట్ట మీద తక్కువగా, పక్కలకు, వెనకకు ఎక్కువగా సర్దండి.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడోది, చిన్న పిల్లల లంగాలకు మనం వేసే బాడీ పద్ధతి. పిల్లలకు లంగా నడుములో నిలవదని చేతుల్లేని బాడీ కుట్టి దానికి లంగా అతుకుతాం కదా, అదే. బొమ్మకు ఇంకో అడుగు ముందుకెళ్లి జాకెట్టునే బాడీగా చేసేయండి. జాకెట్టు, లంగా ఒకే గౌనులా కలిసిపోతాయి, మధ్యలో నడుము పట్టీ అనేదే ఉండదు, రెండు పొరలు తగ్గుతాయి. అతుకు మీద సన్నటి జరీ లేసు వేస్తే వడ్డాణంలా ఉంటుంది. కొలువులో చూసినవాళ్లకు లంగా, జాకెట్టు విడివిడిగానే కనిపిస్తాయి, పాపకు తొడగడం ఒక్క నిమిషం పని. వెనక తెరుచుకునే భాగం మాత్రం నడుము దాటి కిందికి కనీసం నాలుగు సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే సీటు దాటదు.

కింది అంచు మడత గురించి ఒక మాట. అర అంగుళం మడత బొమ్మ మీద మూడంగుళాల మడతతో సమానం. 4 మిల్లీమీటర్లు ఒక్కసారి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి. జరీ అంచు చీర అంచే అయితే మడతే అవసరం లేదు.

ఓణీ లేదా చీర కట్టాలనుకుంటే, ఐదున్నర మీటర్ల చీరను ఆరో వంతు చేస్తే సుమారు 36 అంగుళాల పొడవు, ఏడున్నర అంగుళాల వెడల్పు. వెడల్పు అలాగే ఉంచి పొడవు 28, 30 అంగుళాలకు తగ్గించండి, కుచ్చిళ్లు నాలుగైదు చాలు. పాత షిఫాన్ చున్నీ దీనికి అద్భుతంగా పనికొస్తుంది. కొలువులో ఉంచే బొమ్మకు పిన్నులు పెట్టొచ్చు. ఆడుకునే బొమ్మకు కుచ్చిళ్లు కుట్టేసి, వెనక ప్రెస్ బటన్ పెట్టి, పైట భుజం దగ్గర నాలుగు పోగులతో పట్టించండి.

మీరు అడగకపోయినా ఒక సంగతి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో విదేశాల్లో ఉన్నవాళ్లూ ఉంటారు. అమెరికాలో పిల్లల దగ్గర 18 అంగుళాల బొమ్మలు ఎక్కువ, 1986లో వచ్చిన అమెరికన్ గర్ల్ రకం. మనవరాలికి, దాని బొమ్మకు ఒకే బట్టలో పట్టు పరికిణీలు కుట్టి పంపమని అమ్మమ్మలు నా దగ్గరికి వస్తారు. ఆ బొమ్మ చిన్నపిల్ల ఒళ్లు, ఛాతీ, నడుము రెండూ దాదాపు 11 అంగుళాలే. డాట్లు అక్కర్లేదు. నడుం భాగం దూది నింపిన గుడ్డ కాబట్టి టేపు నొక్కితే కొలత తగ్గిపోతుంది, వదులుగా పట్టుకుని తీయండి. లూజు ఒకటి రెండు సెంటీమీటర్లు ఇవ్వొచ్చు, లంగాకు సన్నటి ఎలాస్టిక్ కూడా బాగానే పనిచేస్తుంది. తల పెద్దది, అందుకని ఆ బొమ్మకు కూడా వెనక తెరవాల్సిందే. మనిషిలో మూడో వంతు ఉంటుంది కనుక మామూలు పట్టు కూడా ఒదుగుతుంది. మొదటిసారి కుట్టేవాళ్లకు బార్బీ కంటే ఇది చాలా సులువు.

నగలు, చెప్పులు, సంచి

బట్టలు కుదిరాక ఇవి చేయండి, ముందే చేస్తే కొలత మారుతుంది. వడ్డాణానికి సన్నటి కుందన్ లేసు ముక్క, వెనక చిన్న ప్రెస్ బటన్. హారానికి సూదిలో ఎక్కే అతి చిన్న బంగారు రంగు పూసలు, మధ్యలో ఒక్క రాయి. పెద్ద పూస ఒక్కటి పడినా బొమ్మ మెడలో గుండులా ఉంటుంది. జడకుచ్చులకు జరీ దారాన్ని స్కేలు చివర చుట్టి, ఒక వైపు కట్టి, రెండో వైపు కోస్తే చాలు. పూలజడ కావాలంటే తెల్ల దారంతో చిన్న ముడులు వేసి మాలలా అల్లి, జడ వెనక దారంతో కట్టండి. జిగురు మాత్రం జుట్టుకు తగలనివ్వద్దు, మళ్లీ రాదు.

చెప్పులకు ముందు పాదం చూడండి. మడమ పైకెత్తి ఉన్న పాదం ఒక రకం, చదును పాదం ఇంకో రకం. చదును పాదానికి కాగితం మీద పాదం గీసుకుని, పల్చటి ఫోమ్ షీటు రెండు పొరలు కోసి, మధ్యలో లేసు పట్టీ పెట్టి అతికిస్తే పట్టు చెప్పులు తయారు. ఎత్తు పాదానికి చెప్పులు చేయడం కష్టం, లంగా నేల దాకా ఉంటే ఎవరూ చూడరు కూడా. చేతిసంచికి జాకెట్టు గుడ్డ మిగులు చాలు, అంచు ముక్కను మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టి, జరీ దారం పిడి పెట్టండి. ఇది కూడా ముందు కుట్టి తర్వాత కోసే పద్ధతిలోనే.

ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలు తిరుగుతుంటే పూసలు, రాళ్లు, ప్రెస్ బటన్లు ఏవీ ఆడుకునే బొమ్మకు పెట్టకండి, ఊడితే నేరుగా నోట్లోకే. వాళ్లకు కుట్టేసిన లేసు, అతుక్కునే వెల్క్రో మాత్రమే. నగలున్న జత కొలువు రోజుల్లో పై మెట్టు మీద ఉండే బొమ్మకు వేసి, దించగానే తీసి డబ్బాలో పెట్టండి.